బండి దొరకని ఊరు

ఆవు కళ్లలోకి చూడకూడదనుకుంది గంగుబాయి. చూస్తే తన భయం దానికి తెలిసిపోతుంది. మాటకంటే ముందు మనిషి భయమే పశువుకు అందుతుందనేవాడు పుట్టింట్లో, కిన్వట్‌లో, తండ్రి బాపు. అందుకే చూపును దాని కొమ్ముల మీదుగా పశువుల దవాఖాన గోడకు, గోడ మీదుగా పడమట కమ్ముకొస్తున్న మబ్బుకు పంపించి, చేతులతో మాత్రం దాని మెడను గట్టిగా పొదివి పట్టుకుంది. టేకు దుంగల బోనులో నిలబడి ఆవు వణుకుతోంది. వెనక కంపౌండరు సిద్దిరాములు చొక్కా విప్పేసి, భుజం దాకా నూనె రాసుకుని, కుడిచేయి దాని కడుపులోకి పోనిచ్చి, కళ్లు మూసుకుని వెతుకుతున్నాడు. దూడ ముందరికాళ్లు రెండూ దారిలోనే ఉన్నాయి, తల మాత్రం వెనక్కి మళ్లిపోయింది. పొద్దు పొడిచినప్పటి నుంచి నొప్పులు పడి పడి ఆవు ఇప్పుడు అరవడం కూడా మానేసింది. "థాంబ్, మాఝీ బాయి, థాంబ్" అంటోంది గంగుబాయి దాని చెవిలో, ఆగు తల్లీ ఆగు అని. ఈ తుమ్మల్‌బోరికి కోడలై వచ్చి తల నెరిసినా, పశువులతో మాట్లాడబోతే ఆమె నోట పుట్టింటి మరాఠీయే వస్తుంది. మొదట్లో అత్త నవ్వేది, మా ఎడ్లకు నీ భాష తెలువదే పిల్లా అని. తెలిసింది, ఎడ్లకే ముందు తెలిసింది, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లకు.

వరండాలో బల్ల మీద తాలూకా నుంచి వచ్చిన అధికారి కూర్చున్నాడు, గొడుగు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని. మనిషి చెడ్డవాడేమీ కాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, వాగు దాకా జీపులో వచ్చి, ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుని నీళ్లలోంచి నడిచి వచ్చాడు, వచ్చీ రాగానే మంచినీళ్లు అడిగాడు, తాగి, ఆ తర్వాతే ఆ మాట చెప్పాడు. చుట్టూ సామానంతా కట్టి పెట్టి ఉంది. మందుల పెట్టెలకు తాళ్లు బిగించారు, లోపలి మేజాను కాళ్లు పైకి పెట్టి తిరగేశారు, పక్కగదిలో ఉండే విత్తనాల ఆఫీసు తక్కెడ, జొన్న విత్తనం బస్తాలు గోడకు ఆనించి ఉన్నాయి. విత్తనాల గుమాస్తాను ఎండాకాలంలోనే పంపించేశారు. ఇప్పుడు దవాఖాన కూడా పోతుంది. ఆఫీసులన్నీ ఒకచోట కలుపుతున్నారట, ఇక్కడిది బోథ్‌లో కలిసిపోతుందట. కలవడం అంటే ఏమిటో, ఇక్కడ లేకపోవడమే కదా. వాగు పొంగితే నాలుగు నెలలు బోథ్ ఎక్కడ, తాము ఎక్కడ. సరిగ్గా ఆ నాలుగు నెలల్లోనే పశువుల గొంతులు వాచేది, గిట్టలు పుండ్లయ్యేది.

"ఇంకా ఎంతసేపయ్యా?" అని అడిగాడు అధికారి, కసురుకున్నట్టు కాదు, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా.

"తల దొరుకాలె సారు. దొరికెదాక చెప్పలేను" అన్నాడు సిద్దిరాములు కళ్లు తెరవకుండానే.

"మా జవాను బండి తెచ్చేలోపు అయిపోతే బాగుండు. ఆ మబ్బు చూస్తుంటే..." అని ఆయన గొడుగు సర్దుకున్నాడు.

బండి. పొద్దున్నుంచీ గంగుబాయి చెవులు ఆ ఒక్క శబ్దం కోసమే కాచుకుని ఉన్నాయి, రాకూడదని కాచుకుని ఉన్నాయి. లారీ రాదు ఈ దారిన, జీపే వాగు అవతల ఆగిపోయింది. ఈ సామాను కదలాలంటే ఎడ్లబండి కావాలి, ఎడ్లబండి అంటే ఈ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లదే కావాలి. జవాను ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నిన్న ఆమె కూడా ఇల్లిల్లూ తిరిగింది. ఎక్కువ మాట్లాడలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు, "రేపు సర్కారోళ్లు బండి అడుగుతరు. ఇయ్యకుండ్రి" అని చెప్పి పక్కింటికి పోయింది. ఎవరూ సరే అనలేదు, ఎవరూ కాదనలేదు. మగవాళ్లు చుట్ట వైపు చూశారు, ఆడవాళ్లు మగవాళ్ల వైపు చూశారు. వాళ్లను తప్పుపట్టలేదామె. బండి లేదు అనే మాట ఈ నేల మీద ఎంత ఖరీదైనదో ఆమెకు తెలియదా, తన ఇంటి గడపలోనే చూడలేదా. రెవెన్యూ గిర్దావరు వస్తే బండి, పోలీసు అమీను వస్తే బండి, దొర ఇంటికి చుట్టాలొస్తే బండి, దొరసాని పుట్టింటికి పోతే రెండు బండ్లు. కూలి లేదు, ఎడ్లకు గడ్డి లేదు, అది వెట్టి, అడగకుండానే కట్టాలి. ఒక ఎండాకాలం మామ అన్నాడు, పాపం చేతులు జోడించే అన్నాడు, ఎడ్ల మెడలు పుండ్లైనయి దొరా, జర మానెదాక ఆగుండ్రి అని. చావడి ముందర నడుం వంచి నిలబెట్టి వీపు మీద రాయి పెట్టారు. కిందపడితే మళ్లీ నిలబెట్టారు. చెంబుతో నీళ్లు తీసుకుని పోయింది తను, దగ్గరికి రానివ్వలేదు, మామ తలెత్తి చూసి, వెనక్కి పోవాలని కళ్లతోనే చెప్పాడు. భర్త ముత్యం ఆ రోజు ఊళ్లో లేడు. మరిది కొమురెల్లి ఉన్నాడు, మీసం సరిగ్గా రాలేదింకా, వాడు ఎవరితో ఏమీ అనకుండా ఇంటికి నడిచి, ఆ పుండ్ల మెడల మీదే కాడి పెట్టి, ఏడుస్తూ బండి తోలుకుని చావడి ముందర ఆపాడు. మామ వీపు మీది రాయి తీశారు.

ఆ రోజు నుంచి కొమురెల్లి ఎవరికీ బండి లేదని చెప్పలేదు. దొర పోయాడు, పోలీసు చర్య జరిగింది, రజాకార్లు పోయారు, వెట్టి పోయింది, కొత్త రాజ్యం వచ్చి దానికీ పేరు మారింది, కొమురెల్లి మాత్రం మారలేదు. ఖాకీ చొక్కా కనబడితే చాలు, తినే కంచం ముందు నుంచి లేచి కాడి వెతుక్కుంటాడు. ఊళ్లో నవ్వుతారు. ఆమె ఎన్నడూ నవ్వలేదు. నిన్న సాయంత్రం అతను ఎడ్లకు గడ్డిచుట్టతో ఒళ్లు రుద్దుతుంటే పోయి అడిగింది, "రేపు ముందుగాల నిన్నే అడుగుతరు కొమురెల్లీ. ఏమంటవ్?" అని. రుద్దుతున్న చేయి ఆగింది. మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. "సర్కారు సంగతి వదినె..." అన్నాడు, అంతే, మాట అక్కడే వదిలేశాడు. పొద్దున ఆమె లేచేసరికి కొట్టంలో ఎడ్లు లేవు, వాకిట్లో బండి లేదు. తానే ఎదురుపోయి వాగు ఒడ్డున నిలబడి ఉంటాడు, అడగకముందే ఇచ్చేవాడు కదా. ఆ ఖాళీ వాకిలి చూస్తూ నిలబడిపోయింది, ఇంతలో ఆవు నొప్పులతో పడి లేచింది, మిగతావన్నీ వదిలేసి దీన్ని పట్టుకుని ఇక్కడికి వచ్చింది.

ఆవు ఒక్కసారి ముందుకు తోసుకొచ్చింది. బోను దుంగ గంగుబాయి భుజానికి తగిలింది. ఇది ముత్యం చెక్కిన దుంగ. అడవి నుంచి తెచ్చిన టేకును బాడిసతో చెక్కి, పశువు ఒళ్లు గీసుకోకుండా అంచులన్నీ నున్నగా చేశాడు, అరచేత్తో నిమిరి నిమిరి చూసి ఎక్కడైనా గరుకు తగిలితే మళ్లీ చెక్కాడు. కంపౌండరు అప్పుడే వచ్చి నవ్వాడు, ఇది పెళ్లి మంచం కాదు ముత్యమన్నా అని. ముత్యం అన్నాడు, మంచం మీద మనం పంటం, మనం చెప్పుకుంటం నొప్పైతె, అది చెప్పుకోలేదు కదనయ్య అని. దవాఖాన తలుపులు తెరిచిన మరుసటేడు జ్వరంలో పోయాడు. చూసుకునే పోయాడు. అది చాలు ఆమెకు, చూసి పోవడమంటే సగం ఉండిపోవడమే.

అంతకుముందు ఏముండేది ఇక్కడ. తుమ్మకంప. పెద్దరోగం వచ్చిన ఏడు ఆ కంపలోకే ఈడ్చి పారేశారు చచ్చిన ఎడ్లను. కళ్ల వెంట నీళ్లు కారి, నోటి వెంట చొంగ కారి, నీళ్లలా పారుకుని, తెల్లారేసరికి కొట్టాలన్నీ ఖాళీ. గద్దలు ఎగరలేనంతగా తిన్నాయి. ఊళ్లో ఒక్క జత కూడా మిగల్లేదు, మృగశిర వచ్చింది, వాన కూడా వచ్చింది, మంచి వాన, దున్నడానికే ఏమీ లేదు. పెద్దవాళ్లంతా చెట్ల కింద కూర్చున్నారు. ముత్యం లేచాడు. కాడికి ఒక పక్క ముత్యం, ఇంకో పక్క కొమురెల్లి. నాగలి పట్టడానికి మనిషి లేడు. తను పట్టింది. ఆడది మేడి పడితే వానలు పోతాయని పెద్దమనిషి ఎవరో కేకేశాడు. "వానలున్నయి, ఎడ్లే లేవు" అని అరిచింది తను, కొత్తగా విన్నట్టు తన గొంతు తానే విన్నది ఆ రోజు. అన్నదమ్ములిద్దరూ మెడలు వంచి లాగారు. వాళ్ల వీపుల మీద చెమట వానలో కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. చాలు చాలుకూ ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగర్చి, మళ్లీ లాగారు. మరునాడు పక్క చేనులో ఇంకో ఇద్దరు కాడి ఎత్తుకున్నారు, ఆ మరునాడు వాగు అవతల. ఆ ఏడు తుమ్మల్‌బోరిలో బీడు లేదు. పంట కొంచెమే వచ్చింది, కానీ బీడు లేదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమె నడుము దానంతట అదే నిటారవుతుంది, ఇప్పుడు కూడా అయింది, ఆవు మెడ చుట్టూ చేతులు ఉండగానే.

అందుకే కలెక్టరు బోథ్‌లో మకాం వేశాడని తెలిస్తే ఆడవాళ్లను వెంటేసుకుని నడిచిపోయింది. మగవాళ్లు రోడ్డు అడుగుదామన్నారు, బడి అడుగుదామన్నారు. ఆమె ముందుకు తోసుకుపోయి ఎడ్ల దవాఖాన అడిగింది. మనుషుల దవాఖాన వద్దా అని అడిగాడాయన, నవ్వుతూనే. "మాకు జరమొస్తె కషాయం తాగి పంటం, లేస్తం. ఎద్దు పడితె ఊరే పడ్తది సారు" అన్నది. రాళ్లు మీరు తెస్తారా అన్నాడు. తెచ్చారు. వాగు నుంచి ఇక్కడిదాకా ఆడవాళ్లు బారుగా నిలబడి చేతికి చేయి అందిస్తూ రాళ్లు మోశారు, పోశవ్వ పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నారు, చంటిపిల్లల తల్లులు మధ్యలో పక్కకు జరిగి పాలిచ్చి మళ్లీ బారులోకి వచ్చారు. ఈ గోడలో ఏ రాయి ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఎవరికీ తెలియదు, అందుకే గోడంతా అందరిదీ. సూదులు వచ్చాయి. మొదట ఎవరూ పశువును ముట్టనివ్వలేదు, తన ఎద్దునే ముందు కట్టింది. ఆ తర్వాత పెద్దరోగం ఈ ఊరి పొలిమేర తొక్కలేదు. ఒక్కసారి కూడా. పిల్లలకు ఇప్పుడు ఆ రోగం పేరు చెబితే కథ అనుకుంటారు. అనుకోనీ, తమ కష్టం పిల్లలకు కథలా వినబడటం కన్నా గెలుపు ఏముంది.

"దొరికింది!" అన్నాడు సిద్దిరాములు, కళ్లు తెరిచి. "ముట్టె దొరికింది గంగుబాయక్కా. మెల్లగ తిప్పుతున్న. అయ్యో... జారింది. ఆగు. ఆగు. దొరికింది." అతని నుదుటి నుంచి చెమట ధారగా ఆవు తోక మీదికి కారుతోంది. ఎడమచేత్తో తాడు అందుకుని లోపలి కాళ్లకు ముడి వేశాడు. "ఇగ గుంజాలె. నేను తల వదిలిపెట్టలేను. ఆమె మెడ వదిలిపెట్టలేదు. సారు, జర రాండ్రి సారు."

అధికారి చుట్టూ చూశాడు. జవాను లేడు, ఇంకెవరూ లేరు. గొడుగు బల్ల మీద పెట్టి, లేచి, చొక్కా చేతులు మడుస్తూ వచ్చాడు. "ఎలా పట్టుకోవాలి?"

"అది నొప్పి తీసినప్పుడే గుంజాలె. ఆపినప్పుడు ఆపాలె. కిందికి, కాళ్ల దిక్కు."

గుంజాడు. కాలు జారి మోకాలి మీద పడ్డాడు, లేచి మళ్లీ పట్టుకున్నాడు. గంగుబాయి ఆవు చెవిలో తన భాషలో చెబుతూనే ఉంది, ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం. సరిగ్గా అప్పుడే వినబడింది, దూరంగా, వాగు వైపు నుంచి. బండి చక్రం. రెండుసార్లు మూలిగి మూడోసారి ఊరుకునే చక్రం. ఇన్నేళ్లుగా వింటున్న చప్పుడు అది, నిద్రలో కూడా పోల్చుకోగలదు. తమ ఇంటి బండి. ఊరు ఊరంతా ఆగింది, తన ఇంటి బండే వస్తోంది. తల తిప్పి చూడలేదు, చేతులు వదలలేదు. తప్పు పట్టకు, అనుకుంది, తప్పు పట్టకు గంగుబాయీ, మామ వీపు మీది రాయి అందరూ చూశారు, కొమురెల్లి వీపు మీది రాయి ఎవరు చూశారు, దాన్ని ఎవరూ దించనే లేదు కదా. వాడే కదా కాడి కింద మెడ పెట్టింది. ఇస్తే ఇచ్చాడు. తను ఇంటికి పోయి వాడికి అన్నమే పెడుతుంది, మాట అనదు. అయినా కళ్లు మండాయి. ఆవు ఒళ్లంతా బిగుసుకుంది, సిద్దిరాములు "ఇప్పుడు!" అని కేకేశాడు, అధికారి పళ్లు బిగించి వెనక్కి ఒరిగాడు, ఏదో తెగినట్టు, ఏదో తెరుచుకున్నట్టు, వెచ్చగా, జారుడుగా దూడ మొత్తం ఒకేసారి వచ్చి ఆయన కాళ్ల మీద పడింది.

కదల్లేదు. సిద్దిరాములు వేళ్లతో దాని నోట్లో జిగురు తీసి, వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తాడు, దించి పక్కటెముకల మీద రుద్దాడు, గడ్డిపోచతో ముక్కులో పొడిచాడు. బండి చప్పుడు దగ్గరవుతోంది. దూడ తుమ్మింది. చిన్న తుమ్ము. తర్వాత ఒళ్లంతా వణికించుకుని ఊపిరి పీల్చింది. అధికారి నేల మీదే కూర్చుండిపోయి, చొక్కా నిండా జిగురుతో, "బతికిందే!" అన్నాడు, తనకే ఎవరో శుభవార్త చెప్పినట్టు.

బండి ఆగింది. "వదినె, జర జరుగు" అని వెనక నుంచి కొమురెల్లి గొంతు. "పోశవ్వ పెయ్య కాలిరిగింది. కట్టు కట్టియ్యాలె."

గంగుబాయి తిరిగి చూసింది. బండిలో జొన్నసొప్ప మీద పెయ్య పడుకుని ఉంది. బండి వెనక ఎడ్లు. ఎడ్ల వెనక ఆవులు, బర్రెలు, మళ్లీ ఎడ్లు. దారి పొడుగునా, వాగు మలుపు దాకా, ఆ మలుపు దాటి ఇంకా దుమ్ము లేస్తూనే ఉంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ పలుపులు పట్టుకుని కదిలి వస్తున్నాయి. తెలిసిన ముఖాలు, సంతలో మాత్రమే చూసిన ముఖాలు. కొమురెల్లి తప్ప ఒక్కరూ బండి కట్టుకుని రాలేదు, అందరూ నడిచే వచ్చారు. గుంపు మధ్యలోంచి జవాను చెమటలు కక్కుతూ ముందుకు వచ్చాడు.

"సార్, ఏ ఊళ్లె బండి దొర్కలే. పొద్దుగాల్ల గీ కొమురెల్లి ఊరూరు తిరిగి చెప్పిండట, వాన పడకముందే గొంతువాపు సూదులు ఏపియ్యాలె, ఇయ్యాలనే తోలుకరాండ్రని. అందరు ఈడికే వస్తుండ్రు."

ఇది తను చెప్పింది కాదు. బండి ఇయ్యకుండ్రి అనే చెప్పింది తను, అంతవరకే తనకు తోచింది. పశువులను తోలుకురమ్మని చెప్పాలని తట్టింది కొమురెల్లికి. నోట్లో మాట పెదవి దాటని కొమురెల్లికి. వాడు ఊరూరా వాకిళ్లలో నిలబడి మాట్లాడాడు. ఏమని మొదలుపెట్టాడో, గొంతు ఎలా పెగిలిందో, ఆమె ఊహించుకోబోయి ఊహించుకోలేకపోయింది.

అధికారి లేచి నిలబడ్డాడు. ఆయన చూపు వచ్చినవాళ్లందరి మీదుగా పోయి, చివరికి ఎదురుగా ఉన్న బండి మీద ఆగింది. "ఇదుంది కదా బండి" అన్నాడు. గట్టిగా అనలేదు, కానీ అందరికీ వినబడింది. కొమురెల్లి ముందు ఇద్దరి సాయంతో పెయ్యను కిందికి దించాడు. తర్వాత ఎడ్లను విప్పాడు. తర్వాత కుడి చక్రం దగ్గర వంగి, చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన ఉండే ఇనుప శీలను అందరూ చూస్తుండగానే లాగి, ధోవతికి తుడిచి, రొండిన దోపుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు.

"బండి లేదు సారు" అన్నాడు. మొదటి మాటలో వణుకు ఉంది, తర్వాతి మాటలో లేదు. "శీల లేంది చక్రం నిలువదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అధికారి అతని రొండి వైపు చూశాడు, అతని ముఖం వైపు చూశాడు, కాళ్ల దగ్గర లేవబోయి పడుతున్న దూడను చూశాడు. అడుగు వెనక్కి వేసి గొడుగు అందుకుని, "సరే. వాగు పొంగింది, బండి దొరకలేదు అని చెబుతాను. దీపావళి దాటాక మళ్లీ రావాల్సి ఉంటుంది నాకు" అన్నాడు.

"వాగు ఇంక పొంగలేద్సారు" అన్నాడు సిద్దిరాములు, నోరు జారి.

"నేను దాటాక పొంగుతుందిలే" అన్నాడాయన.

దీపావళి వస్తుంది. ఆయన రావచ్చు, ఆయన కాకపోతే ఇంకొకరు, ఇంత మెత్తని మనిషి కాకపోవచ్చు కూడా. రానీ. వానాకాలం గడుస్తుంది కదా, ఈ పశువులన్నీ ఆ వానాకాలం దాటి అవతలి ఒడ్డున నిలబడతాయి కదా. అప్పుడూ బండి అడుగుతారు, అప్పుడూ చెప్పొచ్చు, ఇప్పుడు చెప్పడం వచ్చింది. సిద్దిరాములు అప్పుడే మందుల పెట్టెల తాళ్లు విప్పుతున్నాడు. కొమురెల్లి ఏం చేయాలో తెలియక బండి పక్కనే నిలబడి ఉన్నాడు, ఎవరైనా తిడతారేమో అన్నట్టు. వదినెలు మరుదులను మెచ్చుకునే మాటలు ఆ ఇంట్లో లేవు, ఆమెకు రావు కూడా. కడవలో నీళ్లు చెంబుతో ముంచింది. అధికారి ముందున్నాడు, దాహంగానూ ఉన్నాడు. ఆయన్ను దాటుకుని పోయి చెంబు కొమురెల్లి చేతికిచ్చింది. అతను బిత్తరపోయి ఆమెను చూసి, తల ఎత్తి గటగటా తాగాడు. ఆవు దూడను నాకుతోంది. గంగుబాయి దాన్ని మెల్లగా బోను బయటికి నడిపించి, అడ్డదుంగ పైకెత్తి పట్టుకుని, దారి పొడుగునా నిలబడ్డవాళ్లకు వినబడేలా కేకేసింది.

"ముందుగాల ఎవలిది? తోలుకరాండ్రి!"